ట్రైకోడెర్మా విరిడి పొడి: కంది ఎండు తెగులుపై రెండు వానాకాలాల అనుభవం

తాండూరు వైపు నల్లరేగడిలో కంది వేసేవారికి ఎండు తెగులు కొత్త కాదు. పూత వరకు పచ్చగా నిలిచిన మొక్క, నేలలో పదును ఉండగానే పసుపుబారి వడలిపోతుంది. పీకి చూస్తే మొదలు నుంచి పైకి పాకిన ఊదారంగు చార కనిపిస్తుంది. కాండాన్ని కత్తితో నిలువుగా చీల్చితే లోపల నల్లటి గీతలు బయటపడతాయి. నేలలో ఉండే ఫ్యుజేరియం ఉడం అనే శిలీంద్రం, నీరు పైకెక్కే నాళాలను మూసివేసిందనడానికి అదే గుర్తు. అప్పుడు మొక్క మొదలు దగ్గర ఏ మందు పోసినా ఆ మొక్క దక్కదు కనుక, విత్తే ముందే వాడే ట్రైకోడెర్మా విరిడి పొడిని రెండేళ్లు వాడి చూశాను.

ఇది టాల్కం పొడిలో కలిపిన సజీవ శిలీంద్రం. తెగులు శిలీంద్రాన్ని ఆశించి తినివేస్తుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున పట్టించాలని చెబుతారు గాని, పొడి గింజలకు ఇది సరిగా అంటదు, సగం తొట్టి అడుగునే మిగిలిపోతుంది. కాస్త చల్లారిన పలుచని గంజి చిలకరించి కలిపి, నీడన ఆరబెట్టాక పొర సమంగా నిలిచింది.

అసలు ఫలితం పశువుల ఎరువుతో వాడినప్పుడే కనిపించింది. 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల పొడి కలిపి, చెట్టు నీడన కుప్ప పోసి, తడి గోనె సంచులు కప్పి వారం పదిరోజులు ఉంచితే ఒక ఎకరానికి సరిపోతుంది. మొదటి ఏడాది నా కుప్ప పోసినట్టే ఉండిపోయింది. నాకు పొడి అమ్మిన దుకాణంలో ప్యాకెట్లు రేకుల కప్పు కింద, ఎండ తగిలే అరలో ఉన్నాయి. గడువు కూడా నెల రోజులే మిగిలి ఉంది. చూసి కూడా కొన్నాను, తప్పు నాదీ ఉంది. రెండో ఏడాది తయారై రెండు నెలలు దాటని సరుకు వేరేచోట తెచ్చాను. ఆరో రోజు గోనె ఎత్తేసరికి కుప్ప మీద తెల్లటి బూజు, దాని నడుమ ముదురాకుపచ్చ మచ్చలు కనిపించాయి. పొడి బతికి ఉందో లేదో లేబుల్ కన్నా ఆ పచ్చదనమే నమ్మకంగా చెబుతుంది.

ఆ ఏడాది చేనులో ఎండిన మొక్కలు బాగా తగ్గాయి. అయితే ఆ మెప్పంతా పొడికే ఇవ్వలేను, ఎందుకంటే అంతకుముందు ఆ మడిలో జొన్న వేశాను, విత్తనం కూడా ఎండు తెగులును తట్టుకునే ఆశ రకం. మారుతి కూడా ఈ తెగులును తట్టుకుంటుంది గాని, పూత, కాయ రాకుండా చేసే గొడ్డుమోతు తెగులుకు లొంగిపోతుంది. తట్టుకోలేని రకాన్ని ఏటా అదే మడిలో వేస్తూ ఈ పొడి ఒక్కదాని మీద భారం వేస్తే నిరాశ తప్పదు. కార్బండజిమ్ అనే శిలీంద్రనాశక మందు ట్రైకోడెర్మాను కూడా చంపుతుంది కాబట్టి ఆ రెండింటినీ కలిపి పట్టించకూడదు. ఈ మాట నేను కొన్న ప్యాకెట్ మీద ఎక్కడా లేదు.

ఖర్చు తక్కువ, శ్రమ కొంచెం ఎక్కువ. ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన మార్కులు పొడికి కాదు, దాన్ని నిల్వ చేసే తీరుకు.