బరంపురం నుంచి జయపురం: ఏ కరెంటు సెడాన్ మన దారికి తగింది?

కారు మార్చాలన్న మాట వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మొదట లేచే ప్రశ్న ఒకటే: జయపురం వెళ్లి రాగలదా? అక్క ఇల్లు అక్కడ. మేముండేది బరంపురంలో. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రైలు మెట్లు ఎక్కలేదు. 1936లో ఒడిశా వేరే ప్రావిన్సు అయినా గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ల మధ్య పిల్లనివ్వడాలు, తెచ్చుకోవడాలు ఆగలేదు. పెళ్లికీ పేరంటానికీ ఘాట్ ఎక్కాల్సిందే.

ఈసారి డీజిల్ బండి వదిలి కరెంటు సెడాన్ కొనాలని తీర్మానించాం. మా పరిశీలనకు వచ్చినవి బీవైడీ సీల్, బీఎండబ్ల్యూ ఐ4, ఐ5, ఐ7, మెర్సిడెస్ ఈక్యూఎస్. ధరల్లో వీటికి పొంతన లేదు. 2024 మార్చిలో సీల్ 41 లక్షలకు మొదలైంది. 2022లో పుణె దగ్గర చాకన్‌లో తయారై వచ్చిన ఈక్యూఎస్ 580 ధర 1.55 కోట్లు. ఐ7 దానికీ పైన. ఇవన్నీ ఎక్స్ షోరూమ్ ధరలు, అవి విడుదలైనప్పటివి. అయినా మా వ్యాపార వర్గాల్లో ఈ పేర్లన్నీ ఒకే వరసలో వినిపిస్తాయి కాబట్టి అన్నింటినీ చూశాం. షోరూముల్లో పది నిమిషాలు తిప్పి చూసి సరిపెట్టుకోలేదు. విశాఖలో ఉండే బావ దగ్గర సీల్ ప్రీమియం ఉంటే అడిగి తెచ్చుకుని, మా దారినంతా దాని మీదే తిరిగాం. మిగతావాటిని ఆ దారి కళ్లతోనే తూచాం.

వెళ్లేటప్పుడు ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం మీదుగా పదహారో నంబరు హైవే. నాతవలస దగ్గర ఇరవయ్యారో నంబరు రోడ్డు ఎక్కి విజయనగరం, సాలూరు దాటితే పి.కోనవలస నుంచి ఘాట్ మొదలు. సుంకి, పొట్టంగి, సిమిలిగుడ, సునాబెడ దాటాక కొరాపుట్, ఆ పైన జయపురం. అన్నీ కలిపితే మూడువందల యాభై కిలోమీటర్ల పైమాటే. సీల్ ప్రీమియంలో 82.56 యూనిట్ల బ్యాటరీ ఉంది. కంపెనీ చెప్పే 650 కిలోమీటర్లు నెడ్సీ అనే ప్రయోగశాల పరీక్ష లెక్క, దాన్ని నమ్మి బయల్దేరకూడదు. ఏసీ వేసుకుని నలుగురు కూర్చుని హైవే మీద తొంభైలో నడిపితే వంద కిలోమీటర్లకు 16, 17 యూనిట్లు పోతాయి. ఆ లెక్కన కొరాపుట్ దాకా ఒక్క నింపుతో చేరవచ్చు గానీ, అమ్మ వెనక సీట్లో ఉండగా చివరి పదిహేను శాతం చూసుకుంటూ ఘాట్ ఎక్కడం నాకు ఇష్టం లేదు. అందుకే శ్రీకాకుళంలో టిఫినుకు ఆగినప్పుడే కొంత నింపుకున్నాం.

ఘాట్ గురించి మావాళ్లలో ఉన్న భయం అసలు కన్నా పెద్దది. సాలూరు నుంచి కొరాపుట్‌కు ఎత్తులో తేడా ఏడెనిమిది వందల మీటర్లు. మనుషులు, సామాను కలిపి 2,400 కిలోల బండిని అంత ఎత్తుకు లేపడానికి లెక్క ప్రకారం పట్టేది సుమారు 5 యూనిట్లే. దారిలో మామూలుగా అయ్యే ఖర్చుకు అది అదనం, అంతే. దిగేటప్పుడు మోటారే జనరేటరై అందులో సగానికి పైగా తిరిగి బ్యాటరీలో వేస్తుంది. మలుపుల్లో బ్రేకు మీద కాలు పెట్టే పని చాలా తగ్గిపోతుంది. దామంజోడి అల్యూమినా లారీల వెనక నిదానంగా దిగుతున్నప్పుడు డీజిల్ బండిలో బ్రేకులు కాలిన వాసన వచ్చేది. ఇందులో ఆ ఊసే లేదు. ఈ ఒక్క సుఖం కోసమైనా ఘాట్ దారి వాళ్లు కరెంటు బండి గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

అయితే ఒక మెలిక ఉంది. కొరాపుట్‌లో నూటికి నూరు శాతం నింపి వెంటనే ఘాట్ దిగితే, తిరిగొచ్చే కరెంటును దాచుకోవడానికి బ్యాటరీలో చోటుండదు. అప్పుడు మామూలు బ్రేకులే గతి. పైన బస చేసినవాళ్లు దిగే రోజు ఎనభై ఐదు, తొంభై దగ్గర ఆపేయాలి. సీల్‌లో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ. దాన్ని రోజూ నిండా నింపుకున్నా నష్టం లేదంటారు. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్‌లవి వేరే రకం, రోజువారీ వాడకానికి ఎనభై శాతం దగ్గర ఆపడం మంచిది. అంటే కాగితం మీద ఒకే పరిమాణంలా కనిపించే రెండు బ్యాటరీల్లో మనకు రోజూ చేతికొచ్చేది ఒకటి కాదు. డిసెంబరు, జనవరి చలిలో మాత్రం కొరాపుట్ పొద్దుటి వేళల్లో ఎల్‌ఎఫ్‌పీ కాస్త నెమ్మదిగా నిండుతుంది, అది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

ఇక చార్జర్ల సంగతి. 200 కిలోవాట్ల దాకా లాగగలదని ఈక్యూఎస్ షోరూములో గొప్పగా చెప్తారు. ఆ మాట నిజమే, కానీ రోడ్డు మీద ఉన్న యంత్రం ఇచ్చేది 30 కిలోవాట్లయితే కోటిన్నర బండికీ, నలభై లక్షల బండికీ అందేది అదే 30. సీల్ ప్రీమియాన్ని ఇరవై నుంచి ఎనభై శాతానికి తేవడానికి 50 యూనిట్లు చాలు. ఈక్యూఎస్‌లో ఉన్న 107.8 యూనిట్ల బ్యాటరీకి అదే ఎనభై చేరడానికి 65 కావాలి. చిన్న చార్జరు దగ్గర ఇది రెండు గంటల పైమాట. పెద్ద బ్యాటరీ ఉంటే తక్కువ సార్లు ఆగుతాం, నిజమే. ఆగినప్పుడు మాత్రం పెద్దాయన భోజనంలా తీరిగ్గా సాగుతుంది. మేం వెళ్లిన దారిలో ఒక చోట యాప్‌లో పచ్చగా కనిపించిన చార్జరు, తీరా వెళ్తే పనిచేయడం లేదు. పక్కనే టీ కొట్టు ఆయన, "వారం నుంచీ ఇంతే బాబూ, ఎవరూ రావట్లేదు" అన్నాడు. అందుకే ఘాట్ ఎక్కేముందు ఒక్క చార్జరు మీద ఆశ పెట్టుకోకూడదు. దాని వెనక ఇంకొకటి అందేలా ఉండాలి.

అసలు ఈ ప్రయాణంలో నాకు తేటపడింది ఇదే: కొండల మీద మన చార్జరు మనం పడుకునే చోటే. జయపురంలో లాడ్జి ఎంచుకునేటప్పుడు ఇదివరకు ఏసీ ఉందా, బాత్రూము బాగుందా అని చూసేవాళ్లం. ఇప్పుడు ముందు చూడాల్సింది కింది అంతస్తులో గది, దాని కిటికీ పక్కనే పార్కింగు, గోడకు పదహారు ఆంపియర్ల సాకెట్టు, మంచి ఎర్తింగు. పదహారు ఆంపియర్ల పాయింటు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. రాత్రి పదింటికి పెట్టి పొద్దున ఎనిమిదికి తీస్తే 30 యూనిట్లు. ఆ 30 యూనిట్లతో నూట డెబ్బై, నూట ఎనభై కిలోమీటర్లు తిరగవచ్చు. జయపురం నుంచి గుప్తేశ్వరం గుహకు పోయి రావడానికి అది దండిగా సరిపోతుంది.

మొదట దిగిన హోటల్లో గదులు శుభ్రం, తెలుగు భోజనం బాగుంది, ముద్దపప్పు, గోంగూర అడక్కుండానే వడ్డించారు. కానీ ఎర్తింగు లేదు. చార్జరు మీద ఎర్రలైటు వెలగడం, ఆగిపోవడం. మేనేజరుకు విషయం చెప్తే, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి కలపబోయాడు. వద్దన్నాను, మంట లేచే పని అది. ఆ రాత్రికి అక్కావాళ్లింట్లో గీజరు పాయింటు నుంచి నింపుకున్నాం. మర్నాడు మారిన బస చిన్నది, గోడల రంగు కూడా పాతదే. దాని యజమాని మాత్రం మీటరు చూసుకుని యూనిట్‌కు ఇంతని మాట్లాడుకున్నాడు, జనరేటరు మీదకు మారినప్పుడు చార్జింగు ఆపెయ్యమన్నాడు. అంత తెలిసిన మనిషి దొరికితే ఏ.సీ. చల్లదనం కాస్త తక్కువైనా నేను అక్కడే దిగుతాను. ఫోన్లో గది మాట్లాడేటప్పుడే ఎర్తింగు గురించి అడగండి. "ఎర్తింగా, ఉంది సార్" అనేస్తారు. సాకెట్టు ఫొటో వాట్సాప్‌లో పంపమనండి.

వెనక సీటు విషయానికి వస్తాను, ఎందుకంటే అమ్మ తీర్పే ఆఖరిది. కరెంటు కార్లలో బ్యాటరీ కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది, దాంతో ఫ్లోరు పైకి లేస్తుంది. సీటు ఎత్తు పెంచకపోతే మోకాళ్లు పైకొచ్చి తొడల కింద ఆనుడు ఉండదు. ఒక షోరూములో కూర్చోగానే అమ్మ, "ఒరే, పీట మీద కూర్చున్నట్టుందిరా" అంది. ఐ4 నడిపేవాడికి ముచ్చటైన బండి, స్టీరింగ్ పట్టుకుంటే వదలబుద్ధి కాదు. కానీ అది వాలు కప్పు ఉన్న పెట్రోలు కారు చట్రం మీద కట్టినది, వెనక మధ్యలో గట్టు కూడా ఉంటుంది. పెద్దవాళ్లతో దూరాలు పోయే ఇంటికి నేను చెప్పను. సీల్‌లో చక్రాల మధ్య దూరం 2,920 మిల్లీమీటర్లు, కాళ్లు చాపుకోవచ్చు. అమ్మకు నడుం వెనక చిన్న దిండు పెట్టాం, దారంతా కునుకు తీసింది. ఐ7, ఈక్యూఎస్‌లు ఈ విషయంలో వేరే లోకం. ఐ7లో వెనకవాళ్ల కోసం 31.3 అంగుళాల తెర కిందికి దిగుతుంది. ఘాట్ మలుపుల్లో దాన్ని చూస్తే వాంతులే.

కింద ఖాళీ ఇంకో బెంగ. సీల్‌కు 145 మిల్లీమీటర్లు, ఐ4కు అంతకన్నా తక్కువ. రాయగడ మీదుగా తిరిగొస్తూ, మఝిఘరియాణి అమ్మవారిని చూసుకుని గుణుపురం, పర్లాకిమిడి దారి పట్టాం. ఊరూరా లేచి ఉండే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఏటవాలుగా, నడకంత వేగంతో దాటించాను. ఐ7, ఈక్యూఎస్‌లలో ఎయిర్ సస్పెన్షన్ ఉంది, అవసరమైతే కొద్దిగా లేపుకోవచ్చు. కానీ అయిదు మీటర్లు దాటిన ఆ పొడవుతో ఇరుకు సందుల్లో తిప్పడం డ్రైవరున్న ఇంటివాళ్లకే కుదురుతుంది. ఈ దారిలో వేగం ఉండదు గనక కరెంటు ఖర్చు హైవే మీదకన్నా తగ్గింది, అది ఊరట.

పర్లాకిమిడిలో ఆగాలని అమ్మే పట్టుబట్టింది. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు, సవరల భాషను పట్టి వ్యాకరణం రాసిన ఊరు. అక్కడి వీధుల్లో మన మాట వినిపిస్తుంటే ఆమె మొహం వెలిగింది. తప్తపాణి దగ్గర ఒడిశా పర్యాటక సంస్థ పాంథనివాస్‌లో దిగాం. గంధకపు వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాక మోకాళ్లు తేలిక పడ్డాయంది. అక్కడి నుంచి బరంపురం సుమారు యాభై కిలోమీటర్లే కాబట్టి చార్జింగు ఊసు లేదు.

మేం సీల్ ప్రీమియం వైపే మొగ్గాం. ఇంకా వేగమైన పెర్ఫార్మెన్స్ రకం ఉంది, 3.8 సెకన్లలో వంద అందుకుంటుంది, కానీ కంపెనీ రేంజి 580కి దిగుతుంది. సాలూరు ఘాట్‌లో ఆ 3.8 సెకన్ల పని ఎవరికీ లేదు. డ్రైవరు, కోటి పైన బడ్జెట్టు, ఎక్కువగా విశాఖ, భువనేశ్వర్ ప్రయాణాలు ఉన్నవాళ్లు ఈక్యూఎస్ చూడండి, ఆ మెత్తదనం సీల్‌కు రాదు. ఐ5 ఎం60 ఒంటరిగా నడిపి ఆనందించే డాక్టరుగారి బండి. ఏది కొన్నా బిల్లు కట్టే ముందు మూడు అడగండి. స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్టేనా? కొరాపుట్‌లో ఆగిపోతే బండిని ఎత్తుకొచ్చే ఖర్చు ఎవరిది, ఏ ఊరి వర్క్‌షాపుకు? పదహారు ఆంపియర్ల పోర్టబుల్ చార్జరు ఉచితంగా ఇస్తారా? మాకు మూడోదానికి రాతపూర్వకంగా జవాబు వచ్చాకే అడ్వాన్సు కడతామని చెప్పి వచ్చాం.