జాగ్రత్త: పికప్ ట్రక్కుకు అడ్వాన్సు కట్టే ముందు డ్రైవర్ తలుపు తెరిచి చూడండి

డాలస్ పరిసరాల్లోనో, హ్యూస్టన్, ఆస్టిన్‌లలోనో ఉంటూ మొదటిసారి పెద్ద పికప్ ట్రక్కు కొనాలనుకుంటున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫోర్డ్ ఎఫ్‌-150 మంచిదా, షెవర్లే సిల్వరాడో మంచిదా, రామ్ 1500 తీసుకోవాలా, టయోటా టండ్రాకే వెళ్లాలా అని నెలల తరబడి వీడియోలు చూస్తాం, స్నేహితులను అడుగుతాం. డీలర్ ఆవరణలో మన ముందు నిలబెట్టిన ఆ ఒక్క ట్రక్కు ఎంత బరువు మోయగలదో మాత్రం చూడం. డీలర్లకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడే మనల్ని పట్టుకుంటారు.

మా అవసరం ఇదీ. సామానంతా నింపితే 7,000 పౌండ్లు తూగే క్యాంపర్ ట్రైలర్ (లోపల పడుకోవడానికి వీలుండే బండి) లాగాలి. బండిలో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, వేసవికి గుంటూరు నుంచి వచ్చే అమ్మ. పాలో డ్యూరో కాన్యన్, న్యూ మెక్సికో కొండల దాకా వెళ్లాలని ఆశ. ఈ వివరాలన్నీ డీలర్‌కు ఈమెయిల్‌లో రాశాను. ఏ యాక్సిల్ రేషియో (వెనక ఇరుసులోని గేరు నిష్పత్తి) కావాలో, ఏ టోయింగ్ ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీ బిగించే సామగ్రి) ఉండాలో, తలుపు దగ్గరి స్టిక్కర్ మీద కనీసం 1,800 పౌండ్ల పేలోడ్ (ట్రక్కు తన మీద మోయగల బరువు) ఉండాలని కూడా రాశాను. ‘మీరు అడిగినవన్నీ ఉన్నాయి, 11,000 పౌండ్లు లాగుతుంది, ఫ్యాక్టరీ నుంచి దారిలో ఉంది’ అని జవాబు వచ్చింది. దాన్ని నమ్మి కార్డు మీద 1,000 డాలర్ల అడ్వాన్సు కట్టాను.

ట్రక్కు వచ్చింది. తలుపు తెరిచి చూస్తే స్టిక్కర్ మీద 1,410 పౌండ్లు అని ఉంది. యాక్సిల్ రేషియో కూడా నేను అడిగినది కాదు. సేల్స్‌మన్ మన తెలుగబ్బాయే. ‘అన్నా, అది లాయర్ల కోసం అంటించే స్టిక్కర్. మీరు దాన్ని పట్టించుకోకండి. ఇక్కడ అందరూ ఇలాగే లాగుతున్నారు’ అన్నాడు. నేను ఒప్పుకోకపోయేసరికి వెనక స్ప్రింగుల దగ్గర గాలి బ్యాగులు బిగిస్తే పేలోడ్ పెరుగుతుందన్నాడు. ఇది పచ్చి అబద్ధం. గాలి బ్యాగులు వెనక భాగం కుంగకుండా ఎత్తి పట్టుకుంటాయి, అంతే. యాక్సిల్, టైర్లు, బ్రేకులు, ఫ్రేమ్ ఎంత బరువుకు తయారయ్యాయో అంతకే పనికొస్తాయి. స్టిక్కర్ మీది అంకెను బయట బిగించే ఏ వస్తువూ మార్చలేదు. భాష కలిసిందని, అన్నా అని పిలిచాడని అంకెలు సరిచూడడం మానకండి. ఇది నేను కోపంతో రాస్తున్న మాట కాదు. మన భాష మాట్లాడే మనిషిని అక్కడ కూర్చోబెట్టేదే మనం తక్కువ ప్రశ్నలు అడుగుతామని.

ఆ 1,410 ఎందుకు చాలదో లెక్క చూడండి. ఆ స్టిక్కర్ మీద ఉండే అంకె ప్రయాణికులు, సామాను కలిపి దాటకూడని బరువు. డ్రైవర్ కూడా అందులోనే. ట్రైలర్ చక్రాల మీదే కదా నడిచేది, దాని బరువు ట్రక్కు మీద ఎందుకు పడుతుందని చాలామంది అనుకుంటారు. ఎద్దుల బండి తోలినవాళ్లను అడిగితే చెబుతారు. ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడ మీద పడుతుంది, వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్ కూడా అంతే. దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వెనక ట్రైలర్‌ను తగిలించే కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపినట్టు ఊగుతుంది, బండి చేయి దాటిపోతుంది. కాబట్టి ఆ బరువును తగ్గించుకునే దారి లేదు. నా 7,000 పౌండ్ల ట్రైలర్‌కు 13 శాతం వేస్తే 910. బరువును పంచే హిచ్ సామగ్రికి 90. మా ఐదుగురికి కలిపి 610. వెనక బెడ్‌లో (సామాను తొట్టిలో) జనరేటర్, ఐస్ పెట్టె, కట్టెలు కలిపి 150. మొత్తం 1,760. అంటే 350 పౌండ్లు ఎక్కువ. ‘11,000 లాగుతుంది’ అన్న ట్రక్కు 7,000 పౌండ్ల ట్రైలర్ దగ్గరే చేతులెత్తేసింది.

ట్రైలర్ అమ్మేవాళ్లు చెప్పే ఖాళీ బరువును ఈ లెక్కలోకి తీసుకోకండి. నీళ్లు ఒక్కో గ్యాలన్ ఎనిమిది పౌండ్లకు పైగా తూగుతాయి. ట్యాంకు నింపి, గిన్నెలు, పరుపులు, గ్యాసు సిలిండర్లు సర్దాక ఖాళీ బరువుకు అర్థమే ఉండదు. ట్రైలర్ మీద రాసి ఉండే గరిష్ఠ మొత్తం బరువునే పట్టుకోండి.

మరి ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకెలు ఎక్కడివి? 2024 మోడళ్లలో ఎఫ్‌-150కి 13,500, సిల్వరాడోకు 13,300, టండ్రాకు 12,000 పౌండ్లు అని కంపెనీలు చెప్పాయి. అవి అబద్ధాలు కావు. ఎస్‌ఏఈ జె2807 అనే ఉమ్మడి పద్ధతి ప్రకారం పరీక్షించి చెప్పినవి. అయితే ఆ పద్ధతిలో ట్రక్కులో ఉండేది డ్రైవర్, పక్కన ఒక్కరు, ఇద్దరూ 150 పౌండ్ల చొప్పున. వెనక సీట్లో పిల్లలు లేరు, అమ్మ లేదు, బెడ్‌లో సామాను లేదు. పైగా ఆ గరిష్ఠ అంకె ఏదో ఒక ఇంజిను, ఒక యాక్సిల్ రేషియో, ఒక క్యాబ్, ఒక టోయింగ్ ప్యాకేజీ కలిసినప్పుడే వస్తుంది. డీలర్ దగ్గర వరసగా నిలబెట్టినవాటిలో అలాంటిది ఒకటైనా ఉంటుందన్న నమ్మకం లేదు.

మనవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకొకటుంది. మనకు పైస్థాయి మోడళ్ల మీద మోజు. పనోరమిక్ సన్‌రూఫ్, తోలు సీట్లు, వాటంతట అవే దిగే మెట్లు, 22 అంగుళాల చక్రాలు కావాలి. వాటిలో ప్రతిదానికీ బరువుంది, అది పేలోడ్‌లోంచే పోతుంది. ఒకే కంపెనీ, ఒకే ఇంజిను, ఒకే పొడవున్న రెండు ట్రక్కుల మధ్య వందల పౌండ్ల తేడా ఇలాగే వస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ట్రక్కు తక్కువ మోస్తుందంటే మొదటిసారి కొనేవాళ్లు నమ్మరు. పక్కపక్కనే ఉన్న రెండింటి తలుపులు తెరిచి మీరే చూడండి.

ఇక నాలుగింటిలో ఏది అన్న ప్రశ్న. రామ్‌కు వెనక కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ఖాళీగా నడిపినప్పుడు దాని మెత్తదనం మిగతావాటిలో చాలావాటికి లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి, అప్పుడప్పుడు చిన్న ట్రైలర్‌కు నేనైతే దానివైపే మొగ్గుతాను. ఎఫ్‌-150 శరీరం 2015 నుంచి అల్యూమినియం. ఎక్కువ పేలోడ్ కావాలంటే ముందు వెతకాల్సింది అక్కడే, కానీ దానికి తగిన ప్యాకేజీతో ఉన్నది దొరకాలి. సిల్వరాడోలో 3 లీటర్ల డీజిల్ దూరప్రయాణాలకు హాయి. టండ్రా మన టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో తయారవుతుంది. టయోటా పేరు చాలు, ఇంకేమీ చూడనక్కర్లేదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకంతో కళ్లు మూసుకోకండి. 2022లో పాత 5.7 లీటర్ల వీ8 తీసేసి ట్విన్ టర్బో వీ6 పెట్టారు. తయారీలో మిగిలిపోయిన లోహపు రజను ఇంజిన్‌ను పాడుచేస్తోందని 2024లో లక్షకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు.

మిగతా మూడింటికీ ఇలాంటి చరిత్రే ఉంది. సిల్వరాడో తయారుచేసే జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజిన్లలో లోపం ఉందని 2025 ఏప్రిల్‌లో అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లకు రీకాల్ (సరిచేయడానికి వెనక్కి పిలవడం) ప్రకటించింది, అందులో 2021 నుంచి 2024 దాకా సిల్వరాడోలు ఉన్నాయి. రామ్ 1500కు 2024లో బ్రేకుల సాఫ్ట్‌వేర్ విషయమై 12 లక్షల బండ్లకు రీకాల్ వచ్చింది. అదే ఏడాది 2014 మోడల్ ఎఫ్‌-150లకు గేరు హఠాత్తుగా కిందికి పడిపోతోందని దాదాపు 5.5 లక్షల బండ్లకు వచ్చింది. రీకాల్ ఉందని ట్రక్కు వదిలేయాల్సిన పనిలేదు. మీరు చూస్తున్న బండికి ఆ మరమ్మతు జరిగిందా లేదా అన్నదే ముఖ్యం. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో వీఐఎన్ (ఒక్కో బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కొడితే ఉచితంగా తెలుస్తుంది. వాడిన బండి కొనేవాళ్లు ఇది చూడకుండా సంతకం పెట్టవద్దు.

వీఐఎన్ మొదటి అంకె ఇంకో పనికీ వస్తుంది. 2025 నుంచి 2028 దాకా, అమెరికాలో తయారైన కొత్త బండి అప్పు మీద వడ్డీని ఏటా 10,000 డాలర్ల వరకు పన్ను ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. ఆదాయ పరిమితులు ఉన్నాయి. ఒకే సిల్వరాడో ఇండియానాలోనూ, మెక్సికోలోనూ తయారవుతుంది. 3తో మొదలైతే అది మెక్సికోది, ఈ మినహాయింపు రాదు. ‘ఆరు వేల పౌండ్ల పైనుంటే మొత్తం ధర పన్నులో రాసుకోవచ్చు’ అని కూడా సేల్స్‌మన్లు ఊరిస్తారు. అది సొంత వ్యాపారం ఉండి, సగానికి పైగా దానికే బండి వాడేవాళ్లకు. జీతం మీద ఉద్యోగం చేసేవాళ్లకు అందులో పైసా రాదు.

ధర విషయం. కిటికీకి అంటించి ఉండే అసలు ధరల పట్టీ 1958 నాటి చట్టం ప్రకారం పెట్టేది. దాని పక్కన ఇంకో చిన్న పట్టీ కనిపిస్తే అది డీలర్ సొంతంగా వేసుకున్నది. పెయింట్ రక్షణ, అద్దాల మీద వీఐఎన్ చెక్కడం, టైర్లలో నైట్రోజన్ అంటూ వేలకు వేలు అందులో చేరతాయి. నాకు చెప్పిన ధరలో ఇవేవీ లేవు, బండి వచ్చాక చేరాయి. ముందే బిగించేశాం కాబట్టి తీయలేం అంటారు. వాటి డబ్బు ఇవ్వనని చెప్పే హక్కు మీకుంది, ఒప్పుకోకపోతే లేచి వచ్చే హక్కూ ఉంది. సంతకం పెట్టాక మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చని మనవాళ్లలో ఒక ప్రచారం ఉంది. డీలర్ షోరూమ్‌లో కొన్న బండికి ఆ ఫెడరల్ నిబంధన వర్తించదు. ఇలాంటి డీలర్ల మోసాలను అడ్డుకోవడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమాన్ని కూడా 2025 జనవరిలో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. కాబట్టి సంతకానికి ముందు మీరు చూసుకున్నదే మీకు రక్షణ.

నా అడ్వాన్సు సంగతి. ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వం, రసీదులో రాసి ఉంది’ అన్నారు. నేను ఈమెయిల్ తీసి మేనేజర్ ముందు పెట్టాను, స్టిక్కర్ ఫొటో చూపించాను. అయినా వారం తర్వాత వారం నాన్చారు. చివరికి రాతలో ఇచ్చిన మాటకు భిన్నమైన వస్తువు చూపించారంటూ కార్డు కంపెనీకి ఫిర్యాదు చేశాను. ఈమెయిళ్లు, ఫొటోలు జత చేశాను. డబ్బు వెనక్కి వచ్చింది. ఫోన్లో మాట్లాడుకుని, చెక్కు రాసి ఇచ్చి ఉంటే వచ్చేది కాదు.

అందుకే మీరు కూడా అన్నీ రాతలోనే అడగండి. దారిలో ఉన్న బండి అయితే వీఐఎన్ ఇమ్మనండి, బండి డీలర్ దగ్గరికి రాగానే తలుపు స్టిక్కర్ ఫొటో పంపితే తప్ప డబ్బు కట్టనని చెప్పండి. వెనక హిచ్ మీద కూడా ఒక చిన్న లేబుల్ ఉంటుంది. బరువును పంచే హిచ్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని రెండు రకాల పరిమితులు దాని మీద ఉంటాయి, అదీ చదవండి. ఇంటి గ్యారేజీ లోతు కొలవండి, క్రూ క్యాబ్ (నాలుగు పెద్ద తలుపులుండే) ట్రక్కులు 19 అడుగులు దాటుతాయి. ఇప్పటికే కొనేసినవాళ్లు ట్రైలర్ తగిలించి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, హైవే పక్క ట్రక్ స్టాపుల్లో లారీలను తూచే క్యాట్ తూకం మీద ఒకసారి నిలపండి. తక్కువ ఖర్చుతో ఒక్కో యాక్సిల్ మీద ఎంత పడుతోందో చీటీ ఇస్తారు.

టెక్సస్‌లో డీలర్లకు లైసెన్సులు ఇచ్చేది రాష్ట్ర మోటారు వాహనాల శాఖే. తప్పుడు ప్రకటనలు, అడ్వాన్సు గొడవల మీద ఫిర్యాదులు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఇవ్వవచ్చు. నేను ఇచ్చాను. ఇలాంటిది మీకు జరిగి ఉంటే, డబ్బు తిరిగి వచ్చినా సరే, మీరూ ఇవ్వండి.