ట్రాలీ లాగను పాత మ్యాసీనా కొత్త స్వరాజా? కడప నుంచి నా రివ్యూ

మా ఇంట్లో ఈ రెండు ట్రాక్టర్లూ ఉండాయి. చిన్నాయన వాళ్ళ పాత మ్యాసీ 1035, మేము తీసుకున్న కొత్త స్వరాజ్ 744 ఎఫ్‌ఈ, ఆయిల్ బ్రేకులది. ట్రాలీ మాత్రం ఒకటే, దేనికి వీలైతే దానికి తగిలిస్తాం. చేనికి ఎరువు తోలేది, శెనక్కాయ కట్టె ఇంటికి తెచ్చేది, ఎర్రగుంట్ల దిక్కు నుంచి నాపబండలు, అప్పుడప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటికి. సేద్యం సంగతి ఇందులో రాయడంలేదు, ఓన్లీ ట్రాలీ గురించే చెప్తాండా, ఎందుకంటే షోరూంకు పోతే అందరూ ఇంజను ఎన్ని హెచ్‌పీ అనే చెప్తారు, లోడుతో దిగేటప్పుడు బండి ఎట్లా నిలబడుతుందో అడిగితే గానీ చెప్పరు.

పాతదాని మీద నాకు శానా గౌరవం ఉండాది. 36 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, బరువు 1700 కేజీల కాడికి ఉంటాది. ఊర్లో తిరగను, చేను నుంచి కళ్ళానికి తోలను ఇంతకంటే సుఖమైన బండి లేదు. డీజిల్ తక్కువ తాగుతాది, కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ సామాన్లకు వెతుక్కునే పనిలేదు, ఏ మెకానిక్ అన్నా చేతులు పెడతాడు. చదును రోడ్డు మీద మామూలు లోడుకు దీనికి వంక పెట్టేది లేదు.

కానీ నాపబండలు వేస్తే లెక్క మారిపోతాది. బండలు నింపిన ట్రాలీ ట్రాక్టరు బరువుకు రెండింతల పైనే ఉంటాది, అంటే దిగుడులో వెనక నుంచి తోసేది మనకంటే పెద్ద బరువు. లాగేది ఎట్లోగట్ల తక్కువ గేర్లో లాగుతాది, ఆపేదే కష్టం. పాత బండ్లలో ఎక్కువ డ్రై డిస్క్ బ్రేకులే, అంటే నూనె లేకుండా పొడిగా తిరిగే డిస్కులు, బురద దుమ్ము లోపలికి పోతే లైనర్లు అరిగిపోతాయి, ఘాట్‌లో మాటిమాటికీ తొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతాది. ఆయిల్ బ్రేకులయితే డిస్కులు నూనెలోనే తిరుగుతాయి కాబట్టి వేడి నూనెకు పోతాది, పట్టు ఒకే రకంగా ఉంటాది. గువ్వలచెరువు మలుపుల్లో ఈ తేడా కాలికే తెలుస్తాది అన్నా, చెప్పే పనిలేదు. దానికి తోడు 744 దగ్గర దగ్గర రెండు టన్నులు ఉండాది, ట్రాలీ తోసినా అంత తొందరగా పక్కకు జరగదు. పవర్ స్టీరింగ్ కూడా తీసుకోండి, లోడుతో మలుపు తిప్పేటప్పుడు భుజాలు మిగులుతాయి.

ఇంకోటి, మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలడం. రెండు టైర్ల ట్రాలీలో లోడు శానావరకు ముందుకు వేస్తే ఆ బరువు హుక్కు మీద పడి ట్రాక్టరు ముక్కు లేస్తాది, మరీ వెనక్కి వేస్తే వెనక టైర్లకు పట్టు పోతాది. తేలిక బండికి ఇది ఎక్కువ, కొత్తదానికి ముందర వెయిట్లు కట్టించుకుంటే శానా మటుకు సరిపోతాది. రెండు బ్రేకు పెడళ్ళు కలిపే కొండీ రోడ్డెక్కే ముందు వేయాల్సిందే, చేన్లో విడిగా తొక్కే అలవాటుతో రోడ్డు మీద ఒకే పెడల్ తొక్కితే ఒకే చక్రం పట్టుకొని బండి తిరిగిపోతాది. దిగుడులో న్యూట్రల్ చేసి డీజిల్ మిగిలిద్దాం అనుకోవద్దు, ఎక్కిన గేర్లోనే దిగండి, అది కొత్తదైనా పాతదైనా ఒకటే.

కొత్తదంటే అంతా కంప్యూటర్లు, రిపేరు మనవల్ల కాదు అని మా బావ అంటాంటాడు. ఆ మాట 50 హెచ్‌పీ దాటిన బండ్లకు, 2023 జనవరి నుంచి వాటికి కొత్త పొగ రూల్సు వచ్చినాయి కాబట్టి కామన్ రైల్ ఇంజన్లు, అంటే డీజిల్ ఎంత కొట్టాలో కంప్యూటరే చూసుకునేవి, సెన్సార్లు వచ్చేసినాయి. 744 లాంటివి 50 లోపలే, పాత రకం డీజిల్ పంపే, మన ఊరి మెకానిక్ చేస్తాడు. ధర విషయం కూడా చూసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బేసు ధర ఏడు లక్షలు అనుకుంటే 49 వేలు మిగులుతాది. పాతది కొనేటోళ్ళు ఆ లెక్క కూడా వేసుకోవాల, బ్రేకులు, టైర్లు, క్లచ్చు వేయించే ఖర్చు కలిపితే తేడా అనుకున్నంత ఉండదు.

నా మాట అడిగితే ఘాట్, హైవే, రాయి లోడు ఉన్నోళ్ళు కొత్తది ఆయిల్ బ్రేకులతోనే తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. ఊరి పని మాత్రమే అయితే మంచి కండీషన్లో ఉండే పాత 1035 చాలు, కాకపోతే 15 ఏళ్ళు దాటిందా, ఆర్సీ రెన్యువల్ చేయించినారా, ఫైనాన్స్ క్లియర్ అయిందా చూసుకోండి. ట్రాలీకి వేరే ఆర్సీ, వేరే నంబరు ఉంటాది, ఇన్సూరెన్సులో దాన్ని కూడా చేర్పించాల, అది మర్చిపోయేటోళ్ళే ఎక్కువ. ట్రయల్ వేసేటప్పుడు ఖాళీ బండి తిప్పి రావద్దు, లోడు ట్రాలీ తగిలించి ఏదన్నా మిట్ట మీద ఆపి మళ్ళీ కదిలించి చూడండి, డీలరు వద్దంటే ఇంకో డీలరు దగ్గరికి పోండి.