బావ మోసిన టైరు: శ్రీశైలానికి సైకిల్ మీద

సర్వీసింగుకి రూ.1,850 తీసుకుని, "రెండు టైర్లూ ఇంకో మూడు వేల కిలోమీటర్లు లాగుతాయి సార్" అని చెప్పిన హైదరాబాద్ సైకిల్ షాపాయన మీద నాకింకా కోపం చల్లారలేదు. స్పేర్ టైరు కూడా ఒకటి ఇవ్వమంటే, "ఎందుకు సార్ దండగ బరువు, రెండు ట్యూబులు చాలు" అన్నాడు. ఆ మాట నమ్మి నల్లమల అడవిలోకి వెళ్లాను.

మా బావ ఎవరి మాటా నమ్మడు. నాలుగేళ్ల కిందట 300 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు సైకిల్ సవారీలో (20 గంటల్లో ముగించాలి, వెంట సాయం బండి ఉండకూడదు) టైరు చీలి, 240వ కిలోమీటరు దగ్గర డీసీఎం ఎక్కి ఇంటికొచ్చిన మనిషి. అప్పటి నుంచి సీటు కింద ఒక మడత టైరు కట్టుకునే తిరుగుతాడు. అంచుల్లో ఇనుప తీగ ఉన్న టైరు మడత పడదు. కెవ్లార్ అనే గట్టి దారం అంచు ఉన్నదైతే పిడికెడు చుట్ట అవుతుంది, బరువు పావు కిలో పైచిలుకు. రాపిడికి పాడవకుండా దాన్ని పాత సాక్సులో దూర్చి, బెల్టు బిగిస్తాడు. కడ్తాల్‌లో ఇడ్లీ తింటూ (ప్లేటు రూ.40) నేను ఆ మూట గురించి ఏదో అన్నాను. బావ మొహం ముడుచుకుని, కల్వకుర్తి దాకా నాతో మాట్లాడలేదు.

కల్వకుర్తికి కాస్త ముందు నా వెనక చక్రం మెత్తబడింది. లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్న ఉక్కు తీగ ముక్క గుచ్చుకుంది. హైవే అంచున తొక్కేవాళ్లకి మేకుల కంటే ఇదే పెద్ద శత్రువు. కంటికి కనపడదు. టైరు లోపల వేలితో మెల్లగా తడిమి పీకెయ్యకుండా కొత్త ట్యూబు వేస్తే, పది నిమిషాల్లో అదీ పోతుంది. ఊరి మొదట్లో పంక్చర్ షాపు కనిపిస్తే ఆగాం. ఆ కుర్రాడు ట్యూబుని తొట్టి నీళ్లలో ముంచి బుడగ పట్టుకుని, ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి అతికించాడు. మన ట్యూబులకుండే సన్న ప్రెస్టా వాల్వుకి అతని గాలి పైపు పట్టలేదు. నా దగ్గర రూ.50 ఇత్తడి అడాప్టర్ ఉంది కాబట్టి సరిపోయింది. మొత్తం రూ.40. టైరు మళ్లీ ఎక్కించేటప్పుడు దాని పక్కల్ని వేలితో నొక్కి చూసి అన్నాడు: "అన్నా, గీ టైరు పక్కలు ఎండిపోయినయ్. సూడు, పగుళ్లు. గాలి జర తక్కువ కొట్టుకోన్రి."

రూ.1,850 తీసుకున్న షాపులో ఎవరికీ కనపడనిది నలభై రూపాయల కుర్రాడికి ఒక్క నిమిషంలో కనపడింది.

వేరే టైరు దొరుకుతుందా అని ఊళ్లో రెండు సైకిల్ షాపులు తిరిగాం. అన్నీ 28 అంగుళాలవే. మన రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) రిమ్ము మీద టైరు కూర్చునే చోటు వ్యాసం 622 మిల్లీమీటర్లు. పాలవాళ్ల 28 అంగుళాల నల్ల సైకిల్‌కి 635. పదమూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, ఎక్కించి గాలి కొడితే టైరు ఊడి బయటికొస్తుంది. హైదరాబాద్ దాటాక మనకి పంక్చర్ వేసేవాళ్లు అడుగడుగునా దొరుకుతారు, టైరు మాత్రం దొరకదు. నేను వెనక్కి తిరగాల్సింది. 80 కిలోమీటర్లు వచ్చేశామన్న ఆశతో ముందుకే పోయాను.

డిండి, మన్ననూరు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేటు మూసేస్తారు, లోపల చాలా దూరం ఫోను పలకదు. ఫర్హాబాద్ దాటాక ఎదురుగా ఓవర్‌టేక్ చేస్తూ వచ్చిన బస్సుకి జడిసి రోడ్డు దిగాను. అంచున కంకర. తుపాకీ పేలినట్టు చప్పుడు. చెట్ల మీది కోతులన్నీ ఒక్కసారి అరిచాయి. వెనక టైరు పక్క గోడ రెండు సెంటీమీటర్లు చీలి, ట్యూబు నుజ్జయింది.

మొదట ట్యూబు మార్చి, చీలిక లోపల పది రూపాయల నోటు నాలుగు మడతలు పెట్టాను. అందరూ చెప్పే చిట్కానే. చిన్న కోతకైతే పనికొస్తుంది. ఇంత చీలికకి గాలి ఒత్తిడి 60 పీఎస్ఐ దగ్గరే ట్యూబు నిమ్మకాయంత బయటికి ఉబ్బింది. మూడు కిలోమీటర్లు పోయానో లేదో మళ్లీ పేలింది. నా దగ్గరున్న, ట్యూబులో గాలి నింపే రెండు చిన్న గ్యాస్ సిలిండర్లూ (16 గ్రాములవి, ఒక్కోటి రూ.250) అయిపోయాయి. పంపు తెచ్చుకోలేదు. మధ్యాహ్నం ఒంటిగంట. అటూ ఇటూ అడవి.

బావ మారు మాట్లాడకుండా సీటు కింది మూట విప్పాడు. సాక్సులోంచి టైరు తీసి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని తనే ఎక్కించాడు. నా చివరి ట్యూబు వేసి, తన చేతి పంపుతో వంతులవారీగా కొట్టాం. 80 పీఎస్ఐ రావడానికి మూడొందల దాకా కొట్టాల్సి వచ్చింది, చేతులు వణికాయి. సిలిండరు ఒక్కసారే. పంపు ఎన్నిసార్లైనా పనిచేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒక పంపైనా ఉండాలి.

వటవర్లపల్లిలో ఒక రేకుల హోటల్. వేడి జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, పల్లీల చట్నీ. ఇద్దరికీ రూ.130. పెద్దమ్మ అడక్కుండానే రెండోసారి పులుసు పోసింది. ఇన్నేళ్లలో శ్రీశైలం దారిలో ఇంత రుచిగా నేను తినలేదు. అక్కడ బావ నవ్వాడు. దోమలపెంట దగ్గర ఫోన్లు పలికేసరికి అక్క నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. టైరు సంగతి ఆయన అక్కకు చెప్పలేదు, నేనే చెప్పాను.

ఈగలపెంట తర్వాత ఘాట్ దిగుతూ, ఒక్కో మలుపు దగ్గర, ఆ పాత టైరు ఇక్కడ పేలి ఉంటే అనుకున్నాను. కింద డ్యాము, మళ్లీ సున్నిపెంట ఎక్కుడు. ఆరున్నరకి కొండ మీద ఉన్నాం.

ఆన్‌లైన్‌లో రూ.1,600 కట్టి బుక్ చేసిన లాడ్జిలో సైకిళ్లు గదిలోకి రానివ్వం అన్నారు. ఫోన్లో "పర్లేదు" అన్నవాళ్లే. బయట స్కూటర్ల మధ్య పెట్టుకోండి, దానికి రూ.100 అన్నారు. డబ్బు తిరిగివ్వమంటే కుదరదన్నారు. ఒక కుల సత్రానికి మారాం, గది రూ.700. వాచ్‌మన్ సైకిళ్లు వరండాలో పెట్టించి, మేం అడగ్గానే బకెట్ నీళ్లిచ్చాడు. పేలిన ట్యూబుల్లో ఏదైనా బతుకుతుందేమో అని రాత్రి పదింటి దాకా చూశాం. ఒక్కటీ పనికిరాలేదు. శ్రీశైలంలో సైకిల్‌తో దిగేవాళ్లు లాడ్జిల కంటే సత్రాలే చూసుకోండి. ముందుగా ఫోన్ చేసి వరండా ఉందో లేదో అడగండి.

మర్నాడు దర్శనం, దేవస్థానం అన్నదానంలో భోజనం, సైకిళ్లు బస్సుకెక్కించి తిరుగు ప్రయాణం. ఏ ఇబ్బందీ లేదు.

సోమవారం చీలిన టైరు పట్టుకుని షాపుకి వెళ్లాను. "రాయి గుచ్చుకుంటే మేమేం చేస్తాం" అన్నాడు. పగుళ్లు చూపిస్తే ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఇక ఆ గుమ్మం తొక్కను. వేరే చోట రూ.2,300 పెట్టి మడత టైరు కొని బావకిచ్చాను. ఆయనది నా వెనక చక్రానికే ఉంది. ఇప్పుడు నా సంచిలో రెండు ట్యూబులు, టైరు ఊడదీసే మూడు లివర్లు, చీలిక లోపల పెట్టడానికి పాత టైరు పక్కనుంచి కోసిన అరచేతి సగమంత ముక్క, తెగిన చైను కలిపే క్విక్ లింకు, ఇత్తడి అడాప్టరు, పంపు ఉంటాయి. నా సీటు కింద కూడా సాక్సులో చుట్టిన టైరు. బెల్టు బావే బిగించాడు.