పాత క్యారవానా, పాత క్యాంపర్‌వ్యానా: ఏది మేలు?

బ్రిటన్‌లో నాలుగు వేల పౌండ్లు పెట్టి చక్రాల మీద ఒక చిన్న ఇల్లు కొనాలంటే మూడు దారులున్నాయి: కారు వెనక తగిలించి లాగే పాత టూరింగ్ క్యారవాన్, ఇంజను తనకే ఉన్న పాత క్యాంపర్‌వ్యాన్, గుడారంలా విప్పి మడిచే ఫోల్డింగ్ క్యాంపర్. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చే, ఎక్కడికెళ్లినా అన్నం వండుకునే మన కుటుంబాలకు నేను క్యారవానే మేలంటాను. ఒకటే షరతు, అది లోపల పొడిగా ఉండాలి.

ఆ ధరలో దొరికే క్యాంపర్‌వ్యాన్ సాధారణంగా చాలా తిరిగిన బండి. మీ డబ్బులో పెద్ద వాటా ఇంజనుకే పోతుంది. పడకకు, వంటగదికి మిగిలేది తక్కువ. ఏటా ఎంఓటీ (బండి రోడ్డుకు పనికొస్తుందా అని చూసే) పరీక్ష, రోడ్డు పన్ను, బీమా ఉంటాయి. క్యారవాన్‌కు ఎంఓటీ లేదు, విడిగా రోడ్డు పన్ను లేదు. బీమా చట్టరీత్యా తప్పనిసరి కాకపోయినా దొంగల భయం ఉంది కాబట్టి చేయించండి. పైగా దాన్ని క్యాంపు సైటులో వదిలి కారులో తిరగవచ్చు. పెద్దవాళ్లు నడుం వాలిస్తే మీరు పిల్లలతో సముద్రానికి వెళ్లి రావచ్చు. క్యాంపర్‌వ్యాన్‌లో అయితే పాల కోసం వెళ్లాలన్నా అంతా సర్దుకుని కరెంటు తీగ ఊడదీయాల్సిందే.

అయినా మీరు ఇద్దరే ఉండి, రోజుకో ఊరు మారుతూ స్కాట్లండ్ కొండల్లోనో కార్న్‌వాల్ ఇరుకు దారుల్లోనో తిరగాలనుకుంటే క్యాంపర్‌వ్యానే సుఖం. క్యారవాన్ లాగేటప్పుడు మోటార్‌వే మీద కూడా గంటకు 60 మైళ్లు దాటకూడదు. మూడు అంతకంటే ఎక్కువ వరుసలున్న చోట కుడి చివరి వరుసలోకి వెళ్లకూడదు.

ఇక చెమ్మ. పాత క్యారవాన్ల గోడల లోపల చాలావరకు చెక్క చట్రమే ఉంటుంది. అతుకుల దగ్గర నీరు దిగితే బయటికి ఏమీ కనిపించకుండానే అది కుళ్లిపోతుంది. అందుకే వాన కురిసిన మర్నాడు వెళ్లి చూడండి. చెమ్మ కొలిచే మీటరు వెంట తీసుకెళ్లండి. కిటికీల మూలలు, పైకప్పు కిటికీ చుట్టూ, ముందు అలమరల లోపల, పరుపుల కింద పెట్టి చూడండి. 15 శాతం లోపు ఉంటే నిశ్చింత, 20 దాటితే నీరు దిగుతోందని అనుమానించాలి, 30 దాటితే ఎంత చవకైనా వెనక్కి వచ్చేయండి. లోపల సువాసన గట్టిగా కొడితే, అది చెమ్మ వాసనను కప్పిపుచ్చడానికే కావచ్చు, మీటరుతో ఇంకోసారి చూడండి. అడుగు వేసినప్పుడు నేల మెత్తగా దిగడం వేరే జబ్బు: పలక పొరలు విడిపోయి ఉంటాయి. చెమ్మ లేకపోతే జిగురు ఎక్కించి బాగుచేయవచ్చు. ఇరవై ఏళ్ల పొడి క్యారవాన్, పదేళ్ల తడి క్యారవాన్ పక్కపక్కన ఉంటే నేను కళ్లు మూసుకుని పాతదే కొంటాను.

టైరు గాడి చూసి మోసపోవద్దు. ఇవి అరగక ముందే ముసలివైపోతాయి. టైరు పక్క గోడ మీద 2318 అని ఉంటే అది 2018లో 23వ వారంలో తయారైనది. ఏడేళ్లు దాటినది మార్చాల్సిందే. 1992 తర్వాతి బ్రిటిష్ క్యారవాన్లకు క్రిస్ (CRiS) అనే క్యారవాన్ల రిజిస్టరులో నమోదు ఉంటుంది. అడుగు చట్రం (ఛాసిస్) మీది 17 అక్షరాల సంఖ్య కిటికీ అద్దాల మీద చెక్కినదానితో కలవకపోతే బేరమే వద్దు.

మీ కారు సంగతి ముందే తేల్చుకోండి. చిన్న హైబ్రిడ్ కార్లు చాలావాటికి లాగే అనుమతే లేదు. అనుమతి ఉన్నా, కొత్తవారు సామానుతో కలిపి క్యారవాన్ బరువు కారు బరువులో 85 శాతం మించకుండా చూసుకోవాలి: 1,500 కిలోల కారుకు 1,275 కిలోలు. లైసెన్సు బెంగ మాత్రం తీరింది. 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా లాగవచ్చు.

వంటకు ఇబ్బంది లేదు. 10 ఆంపియర్ల కరెంటు ఇచ్చే సైటులో 3 కిలోవాట్ల కెటిల్ పెడితే కరెంటు ట్రిప్ అవుతుంది కానీ, 700 వాట్ల రైస్ కుక్కర్ హాయిగా నడుస్తుంది. తాలింపు వేసేటప్పుడు మాత్రం పైకప్పు కిటికీ తీయండి. ఆవిరి కూడా చెమ్మే.

ఫోల్డింగ్ క్యాంపర్ తేలిక, గ్యారేజీలో పడుతుంది. కానీ తడిసిన గుడ్డను ఇంటికొచ్చి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది, తాలింపు వాసన దాన్ని వదలదు. అయినా దాన్ని తోసిపుచ్చలేను. కొత్త కాలనీల ఇళ్ల దస్తావేజుల్లో ముంగిట క్యారవాన్ నిలపరాదనే షరతు తరచుగా ఉంటుంది. అప్పుడు నిల్వ స్థలానికి ఏటా అద్దె కట్టాలి. మీ దస్తావేజులో ఆ షరతు ఉండి, ఆ అద్దె భారమనిపిస్తే, పెనైన్ లేదా కాన్వే వారి పాత ఫోల్డింగ్ క్యాంపర్ చూడండి.