స్టైలింగ్ నచ్చని డెవలపర్ పోర్ట్‌ఫోలియోకి సింపుల్ డాట్ సీఎస్ఎస్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాది బ్యాకెండ్ పని, అంటే సైటు వెనక నడిచే సర్వర్, డేటాబేస్ సంగతులు. డేటాబేస్ క్వెరీ ఎందుకు నెమ్మదించిందో వెతకమంటే రాత్రంతా కూర్చుంటాను. బటన్ అంచు ఎంత గుండ్రంగా ఉండాలో తేల్చమంటే మాత్రం వెంటనే విసుగొస్తుంది. అయినా సొంత పోర్ట్‌ఫోలియో సైటు కావాలి, చూడ్డానికి శుభ్రంగా ఉండాలి. అందుకే కొన్నేళ్లుగా సింపుల్ డాట్ సీఎస్ఎస్ అనే క్లాసుల్లేని స్టైల్‌షీట్ వాడుతున్నాను, అంటే ట్యాగులకు విడిగా క్లాస్ పేర్లు తగిలించకుండానే పేజీకి రూపమిచ్చే ఫైలు. మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినా దీన్నే ఎంచుకుంటాను.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన క్లాస్ పేర్లు దాదాపు లేవు. హెడర్, నావ్, మెయిన్, ఆర్టికల్, ఫుటర్ ట్యాగులను వాటి వాటి చోట్ల వాడితే రూపం అదే వచ్చేస్తుంది. ఆర్టికల్ చుట్టూ సన్నటి గీత వచ్చి ప్రాజెక్ట్ కార్డులా కనిపిస్తుంది. డీటెయిల్స్ ట్యాగు పెడితే జావాస్క్రిప్ట్ అక్కర్లేకుండా తెరిచి మూసే పెట్టె తయారు. ఇప్పుడు చూస్తున్న పేజీ లింకుకి ఏరియా-కరెంట్ గుణం ఇస్తే మెనూలో దాని రంగు మారుతుంది, స్క్రీన్ రీడర్ కూడా అదే గుర్తును చదివి వినిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిందిదే. పేజీ చక్కగా కనబడాలని చేసే పనితోనే చూపు లేనివారికీ సైటు అందుతుంది. ఏ అర్థమూ చెప్పని డివ్ ట్యాగులనే ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ పోతే ఈ రెండూ దక్కవు.

మధ్య వరుస వెడల్పు 45 రెమ్‌లు (రెమ్ అంటే పేజీ మూల అక్షర పరిమాణం) లేదా తెరలో 90 శాతం, ఏది తక్కువైతే అది. అందువల్ల ఫోనుకోసం నేను విడిగా ఏమీ రాయలేదు. డార్క్ మోడ్ కూడా సిస్టమ్ సెట్టింగును బట్టి దానంతటదే మారుతుంది. రంగుల్లో నేను ముట్టుకున్నది యాక్సెంట్ ఒక్కటే, అంటే లింకుల్లాంటి వాటిని ఎత్తిచూపే రంగు. దాన్ని మార్చేవాళ్లు ఒక సంగతి గమనించాలి: రూట్‌లో (పేజీ మొత్తానికి వర్తించే విలువలు రాసే చోట) ఒక్కసారి మార్చి వదిలేస్తే అదే విలువ డార్క్‌లోకీ వచ్చేస్తుంది, తెల్లటి నేపథ్యం మీద నిండుగా కనిపించే ముదురు నీలం నల్లటి దానిమీద చదవలేం. రెండిటికీ వేర్వేరు విలువలు ఇవ్వండి. వెబ్ అందరికీ అందాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (నేపథ్యంతో వెలుగు తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో అక్షరాల రంగు మీద నొక్కితే ఆ నిష్పత్తి కనిపిస్తుంది.

తెలుగులో కూడా రాసేవాళ్లు లైన్ హైట్, అంటే ఒక్కో పంక్తికి ఇచ్చే ఎత్తు, పెంచుకోవాలి. అందులో ఉన్న 1.5 ఇంగ్లిష్‌కి చాలు గానీ, కింద వత్తులు, పైన గుడులు ఉన్న మన లిపికి ఇరుకు. నేను 1.7 పెట్టాను. శీర్షికల్లో ఇంకా తక్కువ ఉంటుంది కాబట్టి అక్కడా మార్చాలి.

పరిమితులు లేకపోలేదు. ఉన్నది ఒకటే వరుస. ప్రాజెక్టులు పక్కపక్కన రావాలంటే సొంతంగా గ్రిడ్ రాయాలి. గ్రిడ్‌లో ఆటో-ఫిల్‌తో (పట్టినన్ని వరుసలు తానే వేసే పద్ధతి) కనీస వెడల్పు 16 రెమ్‌లు ఇస్తే, తెర వెడల్పును బట్టి నియమాలు మార్చే మీడియా క్వెరీ అవసరం పడదు. ఇది వాడే సైట్లన్నీ ఒక పోలికతో ఉంటాయి, తెలిసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. ఫ్రంటెండ్ ఉద్యోగం చూసుకునేవాళ్లకి దీన్ని సిఫారసు చేయను, వాళ్లకి సైటే పనికి నమూనా కదా. ఫారాలు ఎక్కువుంటే ఇలాంటిదే మరో స్టైల్‌షీట్ పికో సీఎస్ఎస్ మేలు. చిన్న చిన్న క్లాసులతో రూపం కట్టే టెయిల్‌విండ్ మంచిదే, కానీ ప్రతి ఎలిమెంట్ రూపాన్నీ మనమే నిర్ణయించాలి. నేను వద్దనుకుంటున్న పని సరిగ్గా అదే.

మిగతా ఏర్పాటు చిన్నది. మార్క్‌డౌన్‌లో (తేలిక గుర్తులతో మామూలు టెక్స్ట్‌గా) రాసి, దాన్ని వెబ్ పేజీలుగా మార్చే హ్యూగోతో బిల్డ్ చేసి, సైట్లను ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెడతాను. అక్కడ ప్రచురించే సైటుకి 1 జీబీ పరిమితి ఉంది, రాతతో నిండిన సైటు దాని దరిదాపుల్లోకి కూడా పోదు.

ఇంత సాదా పేజీలో బరువంతా రాత మీదే పడుతుంది. అందుకే లోగోల వరుసలు, నైపుణ్యానికి శాతం బార్లు పెట్టలేదు. ఒక్కో ప్రాజెక్ట్ కింద సమస్య ఏమిటి, ఏ దారులు చూశాను, ఏది ఎందుకు వదిలేశాను, ఫలితాన్ని దేనితో కొలిచాను అన్నవి రాస్తాను. ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు ఎక్కువగా ఆ వదిలేసిన దారుల గురించే వస్తున్నాయి.

స్టైల్‌షీట్‌ని సీడీఎన్ (ఫైళ్లను అందించే బయటి సర్వర్లు) నుంచి లింక్ చేయకుండా ఒక వెర్షన్ ఫైలును నా రెపోలోనే, అంటే సైటు కోడ్ ఉన్న చోటే, ఉంచుకున్నాను, కొత్త వెర్షన్ వచ్చినా నా పేజీలు కదలవు. దానికి నేను చేర్చిన సొంత ఫైలులో గ్రిడ్, లైన్ హైట్, రంగులు, ప్రింట్‌లో మెనూ, ఫుటర్ దాచే నియమం ఉన్నాయి. రెజ్యూమె పీడీఎఫ్ అడిగినవాళ్లకి ఆ పేజీనే బ్రౌజర్ నుంచి ప్రింట్ తీసి పంపుతున్నాను.