అద్దెదారుల "క్రిమినల్ రికార్డు చెక్" ప్యాకేజీలు: నెల్లూరు, ఒంగోలులో కొనదగ్గవేనా?

ఆన్‌లైన్‌లో దొరికే అద్దెదారుల వెరిఫికేషన్ ప్యాకేజీలను నెల్లూరులో మాగుంట లేఅవుట్, వేదాయపాళెం వైపు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, ఒంగోలులో భాగ్యనగర్, లాయర్‌పేట ఇళ్ల యజమానులు, హాస్టళ్లు నడిపేవాళ్లు కొనే ముందు ఒకసారి ఇది చదవండి. ఆధార్, పాన్ సరిచూడటం, పాత చిరునామాకు మనిషిని పంపి కనుక్కోవడం వరకు ఈ సేవ బాగానే ఉంటుంది. అద్దె ఎగ్గొట్టి పోయేవాళ్ల బెడద కొంత తగ్గుతుంది. చిక్కంతా "క్రిమినల్, కోర్టు రికార్డు చెక్" అనే వరుస దగ్గరే. పిల్లలున్న కుటుంబాలు ముఖ్యంగా దానికే డబ్బు కడతాయి. లైంగిక నేరం చేసినవాడెవడూ మన మెట్లెక్కడని ధీమాగా ఉంటాయి. ఆ ధీమా ఈ ప్యాకేజీలో దొరకదు.

మన దేశంలో లైంగిక నేరస్తుల జాబితా లేకపోలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహణలో 2018 సెప్టెంబరు 20న జాతీయ లైంగిక నేరస్తుల డేటాబేస్ మొదలైంది. ఆరంభంలోనే అందులో 4 లక్షల 40 వేల పైచిలుకు నమోదులున్నాయి. పేరు, ఫొటో, చిరునామా, వేలిముద్రలు అన్నీ ఉంటాయి. కానీ దాన్ని తెరిచే అధికారం పోలీసులకూ దర్యాప్తు సంస్థలకే ఉంది. ఇంటి యజమానికి లేదు, బడికి లేదు, ప్రైవేటు ఏజెన్సీకి అసలే లేదు. అందుకే "సెక్స్ అఫెండర్ చెక్ కూడా చేస్తాం" అని ఎవరైనా అంటే ఏ జాబితాలో చూస్తారో రాతపూర్వకంగా అడగండి. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన దిశ బిల్లులో జనం చూడగలిగే రిజిస్ట్రీ ప్రస్తావన ఉంది. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమల్లోకి రాలేదు.

మరి ఏజెన్సీలు చూసేదేమిటి? ప్రధానంగా ఈ-కోర్టుల వెబ్‌సైటు. అది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని, పార్టీ పేరులో కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇచ్చి వెతకాలి. నెల్లూరు కాంప్లెక్సులో వెతికితే కావలి, ఆత్మకూరు, కోవూరు కోర్టుల కేసులు రావు. వాటిని విడివిడిగా, ఒక్కో సంవత్సరానికి ఒక్కోసారి చొప్పున వెతకాలి. పదేళ్లకు నాలుగు కాంప్లెక్సులంటే నలభై వెతుకులాటలు. అన్నీ చేశాక అసలు సమస్య ఎదురవుతుంది. మన జిల్లాలో పెంచలయ్యలు ఎంతమంది, మస్తానయ్యలు ఎంతమంది! ఆ ఒక్క పేరునే ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. ఒకచోట ఇంటిపేరు మొదటి అక్షరం ముందుంటుంది, ఇంకోచోట ఇంటిపేరు పూర్తిగా వెనకుంటుంది. ఆ వెతుకులాటలో తండ్రి పేరు, పుట్టిన తేదీ అడిగే గడి ఉండదు. కాబట్టి "రికార్డు లేదు" అనే రిపోర్టుకు అర్థం ఈ స్పెల్లింగుతో, ఈ కోర్టులో, ఈ సంవత్సరంలో కనపడలేదని మాత్రమే. "రికార్డు ఉంది" అన్న రిపోర్టు ఇంకా ప్రమాదం, అది అదే పేరున్న వేరే మనిషిది కావొచ్చు.

పైగా వెతుకుతున్న నేరాలే అక్కడ తక్కువగా కనిపిస్తాయి. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో ఆదేశించిన సుప్రీంకోర్టే లైంగిక నేరాల్లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపునిచ్చింది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం) కేసుల విచారణ తలుపులు మూసి జరుగుతుంది. బిడ్డ ఎవరో తెలిసిపోయే వివరాలు బయటపెట్టకూడదు. నిందితుడు తండ్రో, మేనమామో అయితే అతని పేరు చెప్పినా బిడ్డ ఎవరో తెలిసిపోతుంది. ఇవి పిల్లల రక్షణకు పెట్టిన నియమాలు, అలాగే ఉండాలి. వాటిని దాటి చూడగలమని చెప్పే ప్యాకేజీని నమ్మకూడదు.

ఇక ఈ ప్యాకేజీ వెనకున్న ఆలోచనకు వద్దాం. లైంగిక నేరం చేసినవాణ్ని పిల్లలుండే చోట కాపురం పెట్టనివ్వకూడదనేది ఆ ఆలోచన. మన చట్టంలో అలాంటి నిషేధం లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది, ఫలితాలు కూడా తెలుసు. అయోవా 2002లో బడికి, శిశు సంరక్షణ కేంద్రానికి 2,000 అడుగుల లోపు నివాసం వద్దంది. కోర్టు దాన్ని సమర్థించినా, ఆ రాష్ట్ర ప్రాసిక్యూటర్ల సంఘమే 2006లో దీనివల్ల పిల్లలకు రక్షణ పెరగలేదని చెప్పింది. 2009లో నిషేధాన్ని తీవ్ర నేరాలవాళ్లకే కుదించారు. కాలిఫోర్నియా 2006లో ఓటింగు పెట్టి మరీ 2,000 అడుగుల గీత గీసింది. శాన్‌డియాగో కౌంటీలో దాన్ని పెరోల్ మీదున్న వాళ్లందరికీ గుండుగుత్తగా వర్తింపజేయడం రాజ్యాంగ విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. మయామీలో ఇళ్లు దొరక్క వంద మందికి పైగా జూలియా టటిల్ వంతెన కింద గుడారాలు వేసుకున్నారు. 2010లో ఆ బస్తీని ఖాళీ చేయించారు. మిన్నెసోటా జైళ్ల శాఖ 2007లో చేసిన అధ్యయనం అన్నిటికంటే సూటిగా ఉంటుంది. విడుదలయ్యాక మళ్లీ లైంగిక నేరం చేసి జైలుకొచ్చిన 224 మంది కేసులను ఒక్కొక్కటిగా చూశారు. నివాస నిషేధం ఉండి ఉంటే ఆగిపోయేదని చెప్పదగ్గ కేసు ఒక్కటీ కనిపించలేదు. పిల్లల దగ్గరికి వాళ్లు బడి గోడ పక్క నుంచి చేరలేదు. తల్లితో పరిచయం పెంచుకోవడం వంటి దారుల్లోనే ఎక్కువగా చేరారు.

మన లెక్కలూ అదే చెబుతాయి. ఏటా వచ్చే జాతీయ నేర గణాంకాల్లో అత్యాచార కేసుల నిందితుల్లో 90 శాతానికి పైగా బాధితులకు తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, పనిచేసే చోటివాడు, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. ఇంట్లోకి ముందే దారి ఉన్నవాణ్ని అద్దె అగ్రిమెంటు ఆపలేదు.

ఆ గీతే మన దగ్గర గీస్తే ఏమవుతుందో చూడండి. 2,000 అడుగులంటే 610 మీటర్లు. ఒక్క బడి చుట్టూ 1.17 చదరపు కిలోమీటర్లు పోతాయి. రెండు బడుల మధ్య 1.2 కిలోమీటర్ల కంటే తక్కువ దూరముంటే వాటి వలయాలు కలిసిపోతాయి. మూలాపేట, సంతపేట, దర్గామిట్ట, స్టోన్‌హౌస్‌పేటల్లో బడికీ బడికీ మధ్య అంత ఎడం ఎక్కడుంది? పల్లెల్లో పరిస్థితి ఇంకా కష్టం. విద్యాహక్కు నియమాల ప్రకారం ప్రతి ఆవాసానికీ కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలి, పైగా అంగన్‌వాడీలు. అంటే ఒక చట్టం ప్రతి ఊరికీ బడి తెస్తుంటే, ఇంకో నిబంధన ఆ మనిషిని ప్రతి ఊరి నుంచీ వెళ్లగొడుతుంది. మిగిలేవి అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా గుడిసెలు, పెన్న పొర్లుకట్టలు. అక్కడ చిరునామా ఉండదు, ఉద్యోగం ఉండదు, తల్లిదండ్రులు ఉండరు. డేటాబేస్‌లో ఉన్న చిరునామా అబద్ధమైపోతుంది. స్టేషన్‌కు కనిపిస్తున్న మనిషి కనపడకుండా పోతాడు. దీన్ని రక్షణ అనడం కష్టం.

న్యాయం సంగతి కూడా చూడాలి. 2019 సవరణ తర్వాత పోక్సోలో తీవ్రమైన నేరాలకు కనీస శిక్ష పదేళ్లు, ఇరవయ్యేళ్లు. త్వరగా బయటికొచ్చి అద్దె ఇల్లు వెతికేవాళ్లు ఎక్కువగా తక్కువ శిక్ష పడిన సెక్షన్లవాళ్లు, బెయిలు మీదున్నవాళ్లు, కేసు కొట్టేసినవాళ్లు. పదిహేడేళ్ల అమ్మాయితో వెళ్లిపోయి పెళ్లి చేసుకున్న ఇరవయ్యేళ్ల కుర్రాడి మీదా పోక్సో కేసే ఉంటుంది, పసిబిడ్డపై అఘాయిత్యం చేసినవాడి మీదా అదే చట్టం. జాబితా చూసి తలుపు మూస్తే ఇద్దరికీ ఒకే శిక్ష. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగంలోని 19(1)(ఇ) అధికరణలో ఉంది. దానికి హేతుబద్ధమైన పరిమితులు పెట్టొచ్చు, కానీ పనికొస్తుందని రుజువు కాని పరిమితి హేతుబద్ధం ఎలా అవుతుంది? మనుషుల పేర్లు జాబితాకెక్కించి, ఫలానా చోటే ఉండాలని కట్టేయడం నెల్లూరు జిల్లాకు తెలియంది కాదు. నేరస్త తెగల చట్టం కింద కావలి, కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంట్లలో ఎరుకల కుటుంబాలను హాజరు పట్టీలు, పాసులతో ఉంచారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అది పుట్టుక చూసి వేసిన ముద్ర, కోర్టు తీర్పు చూసి వేసింది కాదు. ఆ తేడా పెద్దదే. అయినా ఒకసారి జాబితాకెక్కిన పేరు దిగడం ఎంత కష్టమో ఆ ఊళ్లకు తెలుసు.

డబ్బు, శ్రమ ఎక్కడ పెట్టాలంటే పిల్లలతో ఒంటరిగా ఉండే పని ఎవరి చేతిలో ఉందో అక్కడ. 2020 పోక్సో నియమాల్లో 3వ నియమం దీన్ని బాధ్యతగానే పెట్టింది. బడి, క్రెష్, క్రీడా అకాడమీ, పిల్లలు ఉండే ఏ సంస్థ అయినా టీచర్లకే గాక కాంట్రాక్టు సిబ్బందికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, అదీ ఒక్కసారితో సరిపెట్టకుండా నిర్ణీత కాలానికొకసారి. ఈ సేవ పోలీసుల చేతిలో ఉంది, వాళ్లకు డేటాబేస్ ఉంది. ప్రైవేటు ప్యాకేజీకి ఐదులో ఒక మార్కిస్తే, దీనికి మూడున్నర ఇవ్వొచ్చు. మిగతా ఒకటిన్నర పోయేది అర్జీ ఇచ్చే తీరు వల్లే.

సంస్థ లెటర్‌హెడ్ మీద ఎస్పీ కార్యాలయానికి, నకలు స్థానిక స్టేషన్‌కు ఇవ్వండి. 3వ నియమాన్ని పేర్కొనండి. ఒక్కొక్కరికీ పూర్తి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊళ్లో పిలిచే పేరు, ఫొటో, గుర్తింపు కార్డు నకలు, గత ఐదేళ్లలో ఉన్న ప్రతి చిరునామా, వాటి స్టేషన్లు, గత యజమానుల ఫోన్లు జతచేయండి. అర్జీ అందినట్లు స్టేషన్ రైటర్ దగ్గర ముద్ర, తేదీ వేయించుకోండి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇప్పటి చిరునామా ఒక్కటే ఇవ్వడం. మూడు నెలల కిందట ఒడిశా నుంచో, అనంతపురం నుంచో వచ్చిన డ్రైవరు మీద నెల్లూరు స్టేషన్లో ఏ కేసూ ఉండదు. సొంతూరి స్టేషన్‌కు కూడా రాయించినప్పుడే జవాబుకు విలువ. రెండో పొరపాటు టీచర్ల పేర్లిచ్చి వ్యాను డ్రైవరు, క్లీనరు, హాస్టల్ వంటమనిషి, వాచ్‌మన్, ఏజెన్సీ పంపిన స్వీపర్లను వదిలేయడం. పాస్‌పోర్టు సేవ ద్వారా 500 రూపాయలకు తెచ్చుకునే క్లియరెన్సు విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం, దాన్ని ఇక్కడ పెట్టొద్దు.

నివాస నిషేధం నిజంగా అర్థవంతమయ్యే సందర్భం ఒకటుంది. నిందితుడు ఆ బిడ్డ వీధిలోనే ఉన్నప్పుడు. దానికి ఊరందరికీ వర్తించే గీత అక్కర్లేదు. బెయిలు ఇచ్చేటప్పుడే ఆ గ్రామంలోకి రాకూడదని, బిడ్డ కుటుంబాన్ని తానుగా గాని ఇంకొకరి ద్వారా గాని పలకరించకూడదని షరతు పెట్టమని స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా కోర్టును అడగాలి. షరతు మీరితే తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు రాసిపెట్టి బెయిలు రద్దు కోరాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. బాలల సంక్షేమ సమితిని సపోర్ట్ పర్సన్ (కేసులో బిడ్డకు తోడుండే మనిషి) కోసం అడగండి, కేసు ఎంతవరకొచ్చిందో, బెయిలు సంగతేమిటో కుటుంబానికి తెలియజేయడం ఆ సపోర్ట్ పర్సన్ పని.

అసోసియేషన్ల వాట్సాప్ గ్రూపుల్లో "వీడు ఫలానా బ్లాకులో ఉంటున్నాడు" అని ఫొటో తిప్పడం మానుకోండి. దానివల్ల బిడ్డ ఎవరో తెలిసిపోతే పోక్సో 23వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష పడొచ్చు. అనుమానం ఉంటే 1098కి గాని 112కి గాని చెప్పండి. నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం, సంస్థ బాధ్యుడైతే ఏడాది దాకా జైలు. ప్యాకేజీ రెన్యువల్‌కు పెట్టే డబ్బుతో ట్యూషన్ గదుల తలుపులకు అద్దాలు వేయించండి, సెల్లార్‌లో కెమెరా పెట్టించండి, స్కూలు వ్యానులో చివరి బిడ్డ దిగేదాకా ఆయా ఉండాలని బడితో రాతపూర్వకంగా ఒప్పించండి.